మూడో గడిలో ఒక్క మాట ఎక్కువ

ఆ పత్రికాఫీసులో అందరూ ఆవిడని దిద్దుబాటక్క అనేవారు. ఎదురుగా ఉంటే ఒట్టి "అక్కా", అటు తిరగ్గానే పూర్తి బిరుదు. ఇరవైయేడేళ్లుగా ప్రూఫులు దిద్దుతోంది. వార్తల పేజీలు ఆవిడవి కావు. వంటల శీర్షిక, పదకేళి, పాఠకుల ఉత్తరాలు, చివరి పేజీ అడుగున వచ్చే మూడు గడుల బొమ్మ, ఇలా జనం తీరిగ్గా చదువుకునే సరుకంతా పగటిపూట ఆవిడ బల్ల మీదుగా వెళ్లాలి. ఆ బల్ల మీద ఒక నీలం పెన్సిలు, ఒక చెక్క స్కేలు, కళ్లజోడు తుడుచుకునే గుడ్డముక్క. నాలుగో వస్తువు కనబడితే ఆవిడకి ఊపిరాడదు.

ఆవిడ చదివే తీరే వేరు. కాగితాన్ని చివరి వాక్యం నుంచి మొదటికి చదివేది. వరుస కింద స్కేలు పెట్టి, ఒక్కో వరుసే పైకి జరుపుకుంటూ పోయేది. "మొదట్నించి చదివితే అర్థం అడ్డొస్తుంది. అర్థంలో పడ్డామా, అక్షరం జారిపోతుంది" అని కొత్తగా చేరినవాళ్లకి చెప్పేది. అది నిజమేనని వాళ్లకి వారం తిరక్కుండానే తెలిసొచ్చేది. ఆవిడ వదిలేసిన అచ్చుతప్పు ఇంతవరకూ ఎవరూ చూపించలేకపోయారు. ఆవిడ నవ్వగా చూసినవాళ్లూ లేరు.

నవ్వకపోవడానికి ఒక కారణం ఉంది. ఆవిడ నాన్న దుకాణాలకి బోర్డులు రాసేవాడు. నిచ్చెన మీద ఆయన, కింద రంగుడబ్బా పట్టుకుని తొమ్మిదేళ్ల ఈవిడ. ఒకసారి కళ్లద్దాల దుకాణానికి "ఇచ్చట కళ్లజోళ్లు అమ్మబడును" అని రాయాల్సింది, ఎండకి కళ్లు బైర్లు కమ్మాయో ఏమో, మొదటి అక్షరానికి దీర్ఘం పడింది. కాళ్లజోళ్లు! పొద్దెక్కేసరికి వీధి వీధంతా పొట్టలు పట్టుకుంది. పనిలేనివాళ్లు లోపలికి వెళ్లి "ఎనిమిదో నంబరు ఉందాండీ, వేళ్ల దగ్గర కాస్త వదులుగా" అని అడిగి వచ్చేవారు. నాన్న మళ్లీ నిచ్చెనెక్కి, అంతమంది చూస్తుండగా, ఆ దీర్ఘాన్ని చెరిపాడు. ఎవడో చప్పట్లు కొట్టాడు. కిందికి దిగాక నాన్న కుంచె కడగడం మొదలుపెట్టాడు. కుంచె ఎప్పుడో శుభ్రపడినా ఇంకా కడుగుతూనే నిలబడ్డాడు. తప్పు పదిమందిలో పడితే వచ్చేదే నవ్వు అని ఆ రోజు ఆవిడ బుర్రలో ముద్రపడిపోయింది. తర్వాత ఆవిడ పట్టిన ప్రతి పెన్సిలూ ఆ నవ్వు మరొకరి మీద పడకుండా అడ్డుపెట్టిన చెయ్యే.

ఆవిడ భర్త దీనికి పూర్తిగా ఎదురు. సిటీ బస్సు డ్రైవరు. నవ్వాడంటే భుజాలు, పొట్ట, తాళాలగుత్తి అన్నీ కలిసి నవ్వుతాయి. పత్రికలో ఆయన చదివేది ఒక్క చివరి పేజీ బొమ్మే. పొద్దున్నే డ్యూటీకి బయల్దేరుతూ, ఒక కాలికి బూటు తొడిగి, రెండో బూటు చేత్తో పట్టుకుని, నిలువుకాళ్ల మీద చదివి, ఒక నవ్వు నవ్వి వెళ్లేవాడు. ఈ మధ్య ఆ నవ్వు వినిపించడం లేదు. వయసు మీదపడుతోంది, బస్సు నడిపి నడిపి అలిసిపోతున్నాడు అనుకుని ఆవిడ ఊరుకుంది.

ఒక మధ్యాహ్నం ఎడిటర్ పిలిచాడు. ఆయన వచ్చి రెండేళ్లయింది. ఆవిడ కంటే పదేళ్లు చిన్న, మాట సూటి, మర్యాద తప్పడు.

"కూర్చోండి మేడమ్. ఇవి చూడండి." ఉత్తరాల కట్ట ముందుకి తోశాడు. "ముప్ఫైనాలుగు. అన్నింటిదీ ఒకటే పాట. చివరి పేజీ బొమ్మకి ఏ రోగమొచ్చింది అని."

ఆ బొమ్మ పేరు "రెండో అంతస్తు". ఇరవైరెండేళ్లుగా రోజూ వస్తోంది. ఒక బట్టతలాయన, ఆయన భార్య, కుర్చీలోంచి లేవని ఆ భార్య తండ్రి. ముగ్గురే మనుషులు, మూడే గడులు.

"తీసేసి ఆ జాగాలో ఆరోగ్య సలహాలు వేద్దామనుకుంటున్నా" అన్నాడు ఎడిటర్. "కానీ ఇరవైరెండేళ్లు గీసిన మనిషి. ఊరికే పొమ్మనలేను కదా. ఎప్పట్నుంచి పాడైంది, ఎందుకు పాడైంది, మీరు కాగితం మీద పెట్టి ఇవ్వండి. అది ముందు పెట్టి నెమ్మదిగా చెప్తాను."

"నేనా? నవ్వు సంగతి నాకేం తెలుసండీ?"

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. మిగతావాళ్లైతే పాపం పెద్దాయన అంటారు. మీరైతే తప్పెక్కడుందో చూపిస్తారు. పది రోజులు చాలా?"

"చాలు" అంది.

మర్నాటి నుంచి భోజనం కాగానే పాత సంచికల గదిలో కూర్చోవడం మొదలుపెట్టింది. నెలకొకటి చొప్పున కుట్టిన పెద్ద పుస్తకాలు, తెరిస్తే దుమ్ము, మూస్తే చప్పుడు. అలవాటు ప్రకారం నిన్నటి సంచిక నుంచి, నెలకి మూడు బొమ్మల చొప్పున, వెనక్కి నడిచింది. ప్రతి బొమ్మనీ మూడో గడి నుంచి మొదటి గడికి చదివింది. రెండ్రోజుల్లో నాలుగొందలు చూసింది. ఒక్కదానికీ నవ్వు రాలేదు. కొత్తవాటికి రాకపోవడం సరే, జనం విరగబడి నవ్వారన్న పాతవాటికీ రాలేదు. ఎడిటర్ సరైన మనిషినే పట్టాడు, గుడ్డివాణ్ణి పిలిచి రంగు చెప్పమన్నాడు అనుకుంది.

మూడో రోజు స్కేలు బల్ల మీదే మర్చిపోయి వచ్చింది. మళ్లీ మూడు మెట్ల వరసలు ఎక్కడానికి బద్ధకించి, వరుస జారకుండా అరచేతిని గడుల మీద అడ్డం పెట్టింది. అరచెయ్యి మూడో గడి మీద పడింది. అంచేత మొదటి గడి ముందు చదవక తప్పలేదు.

పదకొండేళ్ల కిందటి బొమ్మ. మొదటి గడిలో కూతురు కుర్చీలో ఉన్న తండ్రి మీదికి వంగి, "నాన్నా, పడుకునేముందు లైటు తీసెయ్యి" అంటోంది. ముసలాయన "ఆఁ?" అంటున్నాడు. ఆ "ఆఁ" ముసలాయన తలకంటే పెద్దగా ఉంది, చేత్తో రాసిందే, అరసున్నా నోరు తెరిచినట్టుంది. రెండో గడిలో మాట లేదు. కూతురు విసవిసా వెళ్లి స్విచ్చి మీద చెయ్యి వేసింది, అంతే. ఆవిడ అరచెయ్యి తీసింది. మూడో గడి నిండా నలుపు. నలుపు మధ్యన తెల్లటి అక్షరాలు: "ఇప్పుడు వినపడిందమ్మా."

గదిలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ తల తిప్పి చూసింది. గదిలో ఇంకెవరూ లేరు.

ఇరవైరెండేళ్లుగా రోజూ తన కళ్ల ముందు నుంచి వెళ్లిన బొమ్మల్ని తను ఒక్కసారి కూడా చదవలేదని ఆవిడకి అప్పుడు తెలిసింది. చివరి నుంచి మొదటికి వెళ్లేవాళ్లకి లైటు ముందే ఆరిపోయి ఉంటుంది. ఇక నవ్వడానికేముంది?

ఆ సాయంత్రం దుకాణంలో ఒక గీతల నోటుపుస్తకం కొంది. నవ్వు వచ్చిన బొమ్మ తేదీ ఒకవైపు, ఎందుకొచ్చిందో రెండోవైపు. మొదట్లో అన్నింటికీ ఒకటే రాసింది: "తప్పు." బట్టతలాయన తప్పు చేస్తాడు, మనం నవ్వుతాం. కాళ్లజోళ్ల లెక్కే. కానీ నాలుగు రోజులు చూసేసరికి ఆ లెక్క కుదర్లేదు. బట్టతలాయన ఎన్ని తప్పులు చేసినా ఆవిడకి మొహం తిప్పుకోవాలని అనిపించట్లేదు. నిచ్చెన మీది నాన్న గుర్తొస్తే ఇప్పటికీ అనిపిస్తుంది. తేడా ఏమిటా అని చాలాసేపు కూర్చుంది. బట్టతలాయనకి తను తప్పు చేశానని తెలియదు. ఏ గడిలోనూ తెలియదు. ఎంతో పని సాధించినవాడిలాగే నిలబడతాడు. నాన్నకి తెలుసు. తెలిసిన క్షణంలోనే అది నవ్వు కాకుండా పోయింది, చప్పట్లు కొట్టినవాడు మాత్రం అది గమనించలేదు. నోటుపుస్తకంలో "తప్పు" అన్న మాటని కొట్టేసి, "తెలియకపోవడం" అని రాసింది.

ఇంకొన్ని కనిపెట్టింది. ఆ బొమ్మల్లో ఎవరూ నవ్వరు. ముగ్గురూ కోర్టులో సాక్షుల్లా ఉంటారు. నవ్వాల్సిన పని పూర్తిగా చదివేవాడికే వదిలేశారు. రెండో గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది. ఆ ఖాళీలోనే చదివేవాడు "అయ్యో, వీడిప్పుడేం చేస్తాడో" అని లోపల్లోపల అనుకుంటాడు, అలా అనుకున్నాడు కాబట్టే మూడో గడిలో దొరికిపోతాడు. మూడో గడిలో మాట పొట్టిది. అసలు మాట అన్నింటికంటే చివర ఉంటుంది. దాని తర్వాత ఇంకే మాటా ఉండదు.

ఇదంతా బాగానే ఉంది కానీ ఎడిటర్ అడిగింది ఎప్పట్నుంచి పాడైంది అని. అది కనిపెట్టడం కష్టం కాలేదు. పోయినేడాది వేసవి మొదట్లో, ఒక సోమవారం నుంచి. ముందు వారం దాకా బొమ్మలు పిట్టల్లా ఉన్నాయి. ఆ సోమవారం నుంచి సగ్గుబియ్యం సంచుల్లా కూలబడ్డాయి. కొన్ని బొమ్మలు నిజంగానే చచ్చువి, ఇరవైరెండేళ్లు గీస్తే అలాంటివి పడకుండా ఎలా ఉంటాయి? కానీ మిగతావాటిలో బొమ్మ బాగానే ఉంది. ఆలోచనా బాగానే ఉంది. అయినా నవ్వు రావట్లేదు.

ఆ సోమవారం ఏం జరిగిందో ఆవిడకి చటుక్కున గుర్తొచ్చింది. ఆ రోజు తనకి సన్మానం లాంటిది జరిగింది.

అంతకుముందు దాకా చిత్రకారుడు మాటల్ని కూడా బుడగల్లో తన చేత్తోనే రాసి పంపేవాడు. దాన్ని దిద్దడానికి వీలుండేది కాదు. ఆవిడ మార్జిన్లో ఒక నిట్టూర్పులాంటి ప్రశ్నార్థకం పెట్టి వదిలేసేది. ఆ సోమవారం నుంచి పత్రిక మొత్తానికి ఒకే రకం అక్షరాలు ఉండాలన్నారు. చిత్రకారుడు ఖాళీ బుడగలతో బొమ్మ పంపాలి, మాటలు వేరే కాగితం మీద రాయాలి, వాటిని కంప్యూటర్లో కొట్టి బుడగల్లో పెడతారు. అదే రోజు పత్రికకంతటికీ భాషా నియమాల పట్టిక అమల్లోకి వచ్చింది. పద్నాలుగు పేజీలు. రాసింది ఆవిడే. ఎడిటర్ అందరి ముందూ "ఇది మేడమ్ ఇరవైయేళ్ల తపస్సు" అన్నాడు. చిత్రకారుడి మాటల కాగితం అప్పట్నుంచి ఆవిడ బల్ల మీదికి వస్తోంది.

ఆ కాగితాలన్నీ అడుగు అంతస్తులో ఇనప బీరువాలో ఉన్నాయి. వెళ్లి తీసింది. ఒక్కో కాగితం మీద చిత్రకారుడి నల్ల సిరా, దాని మీద తన నీలం పెన్సిలు. "ఏంటే" కొట్టేసి "ఏమిటే". "తెలీదు" కొట్టేసి "తెలియదు". "బావుంది"ని ఎన్నిసార్లు "బాగుంది" చేసిందో! ముసలాయన "ఆఁ?" అన్న ప్రతిచోటా ఆవిడ పొందిగ్గా "ఏమిటి?" అని రాసింది. ముసలాయనకి చెవుడు పోయి బడిపంతులి గొంతు వచ్చింది.

గొడుగు బొమ్మ కాగితం దగ్గర ఆగింది. మొదటి గడిలో భార్య: "ఇప్పటికి నాలుగు పోగొట్టారు. ఈ గొడుగైనా జాగ్రత్త!" రెండో గడిలో కుండపోత వాన, బట్టతలాయన గొడుగుని చొక్కా లోపల దాచుకుని రోడ్డు మీద నడుస్తున్నాడు. మూడో గడిలో నిలువునా కారుతూ గుమ్మంలో నిలబడి గొడుగు అందిస్తున్నాడు. చిత్రకారుడు రాసింది: "చూడు. తడి కూడా తగల్లేదు." దాని పక్కన తన అక్షరాలు: "దేనికి? స్పష్టత లేదు." అచ్చయినది: "చూడు, గొడుగుకు తడి కూడా తగలలేదు."

ఒకే ఒక్క మాట. వ్యాకరణానికి ఏ లోటూ లేదు. పద్నాలుగు పేజీల పట్టికలో ఏ నియమం పెట్టి చూసినా నిలుస్తుంది.

ఇంకో కాగితం కూడా దొరికింది. భార్య "ఏం ఆలోచిస్తున్నారు?" అని అడుగుతుంది. రెండో గడిలో బట్టతలాయన తలమీద ఖాళీ బుడగ. చిత్రకారుడు కాగితం మీద "రెండో బుడగ: ఏమీ లేదు" అని సూచన రాశాడు. కంప్యూటర్ దగ్గరివాళ్లు అది మాటే అనుకుని బుడగలో "ఏమీ లేదు" అని కొట్టేశారు. ఖాళీ బుడగ పెట్టరాదు అన్న నియమానికి సరిపోయింది కదా అని ఆవిడా వదిలేసింది. ఏడాది మొత్తంలో పాఠకులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాసింది ఆ ఒక్కదానికే. పొరపాటున అచ్చయింది మిగిలింది, సరిగ్గా దిద్దింది చచ్చింది.

గొడుగు కాగితమూ, అచ్చయిన బొమ్మ నకలూ సంచీలో పెట్టుకుని ఇంటికి వెళ్లింది. భర్త మొదటి డ్యూటీ దిగి వచ్చి వసారాలో కాళ్లు చాపుకుని ఉన్నాడు. ముందు అచ్చయిన బొమ్మ చూపించింది.

"ఊఁ. చూశాను గదా ఇది. బానే ఉంది" అన్నాడు.

మూడో గడి మీద చిన్న చీటీ అంటించి, దాని మీద చిత్రకారుడి మాటలు రాసి మళ్లీ చూపించింది. ఆయన మొదలుపెట్టాడు. కుర్చీ కిర్రుమంది, తాళాలు గలగలలాడాయి, చివరికి గోడ పట్టుకున్నాడు. "తడి కూడా... వాడి మొహం చూడవే! ఒళ్లంతా కారుతూ ఆ గర్వం చూడు!" కళ్లు తుడుచుకుని అడిగాడు. "మరి ముందుది ఇలా ఎందుకు లేదు? ఆ గొడుగుకు, గిడుగుకు అని ఇరికించిన తెలివిగలవాడు ఎవడు?"

"నేనే" అంది.

ఆయన నవ్వు ఆపేశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "చూడు, నేను బ్రేకు వేస్తున్నానని ముందే కేకేసి చెప్పాననుకో, బస్సులో ఒక్కడూ ముందుకి తూలడు. అందరూ కడ్డీ పట్టుకుంటారు. నువ్వు కేకేసి చెప్పావు, అంతే. పడనివ్వకుండా చూడ్డం నీకు అలవాటు."

"ఏడాది నించి మీరు నవ్వట్లేదని చూస్తూనే ఉన్నా. అలిసిపోయారేమో అనుకున్నా."

"నేనూ అదే అనుకున్నా" అన్నాడాయన. "ఇంతకుముందు నవ్వేవాణ్ణి కదా, ఏమొచ్చింది నాకు అని."

ఆ మాట ఆవిడకి ఎక్కడో తగిలింది. నివేదిక రాయడానికి ఇంకా రెండ్రోజులుంది. చిత్రకారుడి చేవ తగ్గింది అని నాలుగు వాక్యాలు రాస్తే ఎడిటర్ సంతోషంగా తీసుకుంటాడు, అడుగు అంతస్తులోని బీరువా ఎవరూ తెరవరు. అలా రాస్తే ఎలా ఉంటుందో మనసులో రాసి చూసుకుంది కూడా. ఒక్క అచ్చుతప్పూ లేకుండా వచ్చింది. మర్నాడు సెలవు పెట్టి చిత్రకారుడి ఇంటికి వెళ్లింది.

సైకిళ్లు బాగుచేసే దుకాణం పైన మూడో అంతస్తు. తలుపు తీసింది ఆయన అక్కయ్య, డెబ్భై దాటిన మనిషి, నడుం వంగినా గొంతు వంగలేదు. లోపల కిటికీ పక్కన వాలుబల్ల, సిరాబుడ్లు, కుంచెలు. బల్ల మీద తెల్లకాగితం. చిత్రకారుడు దాని ముందు కూర్చుని ఉన్నాడు. గీయడం లేదు. ఇరవైరెండేళ్లలో వాళ్లిద్దరూ మెట్ల దగ్గర తలలూపుకోవడమే తప్ప కూర్చుని మాట్లాడుకున్నది లేదు.

ఆవిడ ఉపోద్ఘాతం పెట్టలేదు. సంచీలోంచి కాగితాలు తీసి వరసగా పరిచింది. ఎడిటర్ అడిగింది చెప్పింది, తను చూసింది చెప్పింది. "నీలం పెన్సిలు నాదండీ" అంది చివర.

ఆయన కంటే ముందు అక్కయ్య అందుకుంది. "నువ్వా తల్లీ ఆ పెన్సిలు? ఏడాది నించి వీడు ముద్ద దిగక చిక్కి శల్యమయ్యాడు. నా పని అయిపోయిందక్కా, మానేస్తానని నాలుగుసార్లు ఉత్తరం రాసిచ్చాడు. నాలుగుసార్లూ నేనే పోస్టులో వెయ్యకుండా బియ్యం డబ్బా వెనక పెట్టా."

"పెట్టావా?" అన్నాడు చిత్రకారుడు. "జవాబు రాలేదేమా అనుకుంటున్నా."

ఆయన కాగితాలు ఒక్కొక్కటీ చూశాడు. గొడుగు దగ్గర వేలు ఆపాడు. "ఇది అచ్చులో చూసినప్పుడు నాకు తలకొట్టేసినట్టయింది. ఎందుకో అర్థం కాలేదు. నేను గీసిందేగా, ఎందుకిలా ఉంది అని. తర్వాత తర్వాత మీరెలాగూ పూర్తి చేస్తారని నేనే పూర్తి వాక్యాలు రాయడం మొదలుపెట్టా. ఖాళీ బుడగలు మానేశా. అలా రాస్తూ రాస్తూ ఉంటే... లోపల కూడా అలాగే రావడం మొదలైంది."

"ఒక్క ఫోను చెయ్యాల్సింది."

"ఏమని?" ఆయన గొంతు మొదటిసారి పెరిగింది. "మీరు దిద్దినవి తప్పులా? అన్నీ ఒప్పులే! పట్టిక తెచ్చుకుని ఒక్కోటీ సరిచూసుకున్నా. ప్రతిదీ ఒప్పే. ఒప్పుని పట్టుకుని తప్పని ఎలా అంటానమ్మా?"

ఆవిడ పరిచిన కాగితాలు ఒకటొకటిగా పోగుచేసింది. "నన్ను తిట్టండి, తేలిగ్గా ఉంటుంది" అంది.

"మా అక్క తిట్టింది కదా. చాల్లెండి" అన్నాడాయన.

నివేదిక ఒకటిన్నర పేజీ వచ్చింది. పాడైన రోజు, తేదీ, కారణం. ఆరు బొమ్మలు జోడించింది, రెండేసి రూపాల్లో. చివర ఇలా రాసింది: "పై తప్పులు చిత్రకారునివి కావు. అవి ఈ నివేదిక రాసిన వ్యక్తివి. ఆమె వాటిని సదుద్దేశంతో చేసింది, కనుక ఎవరూ ఆపలేదు." ఎడిటర్ రెండుసార్లు చదివాడు.

"ఇది ఫైల్లో పెడితే మీకే ఇబ్బంది. వచ్చే నెల ప్రూఫుల విభాగం మీ చేతికి ఇద్దామనుకున్నాం."

"చూసే ఇచ్చానండీ."

"చివరి రెండు వాక్యాలు తీసేస్తే?"

"వద్దండీ. ఈసారికి ఏదీ తీయొద్దు, ఏదీ కలపొద్దు."

విభాగం ఇంకొకరికి వెళ్లింది. ఆవిడకి కొన్నాళ్లు మనసు చివుక్కుమంటూనే ఉంది, లేదంటే అబద్ధం. చిత్రకారుడికి ఎడిటర్ మూడు నెలల గడువిచ్చాడు. చేతిరాత మళ్లీ వచ్చింది. పట్టికకి పదిహేనో పేజీ చేరింది, అందులో ఉన్నది ఒకే వాక్యం: మనుషులు మాట్లాడేచోట వాళ్లనే మాట్లాడనివ్వాలి.

అంతటితో బొమ్మ లేచి పరుగెత్తలేదు. మొదటి మూడు వారాలు మరీ అన్యాయంగా ఉన్నాయి. ఏడాది పాటు పూర్తి వాక్యాలు రాసిన చెయ్యి అంత తొందరగా మాట వినలేదు. ఒకరోజు చిత్రకారుడే ఫోను చేశాడు. "మీరు ఎక్కడ మాట ఎక్కువైందో చూసి చెప్తారా? కలిపిన చెయ్యి మీదే కాబట్టి తీయడం మీకే బాగా తెలుస్తుంది." అప్పట్నుంచి వారానికోసారి పనయ్యాక అక్కడికి వెళ్లేది. పెన్సిలు గీతల బొమ్మలు మొదటి గడి నుంచి చదివేది. "ఇక్కడ 'అందుకే' ఎందుకండీ?" అనేది. ఆయన కొట్టేసేవాడు. "ఈ 'కదా' తీసేస్తే?" "అది ఉండనివ్వండి. అది లేకపోతే భార్య కాదు, జడ్జిగారవుతుంది." ఒక్కోసారి ఒకే మాట మీద గంట గడిచేది. అక్కయ్య టీ ఇచ్చి, "ఇంతోటి బొమ్మకి ఇద్దరు ముసలాళ్లా" అని వెళ్లేది. నెలన్నర దాటాక ఉత్తరాలు మళ్లీ రావడం మొదలైంది. ఎడిటర్ గడువు సంగతి మళ్లీ ఎత్తలేదు.

బొమ్మ ఇంకా నాలుగేళ్లు నడిచింది. ఆ నాలుగేళ్లలో ఆవిడ నవ్వు గురించి చాలా తెలుసుకున్నాననుకుంది. కొత్తగా చేరినవాళ్లకి గొడుగు బొమ్మ చూపించి, మాట ఎక్కడ చచ్చిపోతుందో చెప్పేది. వాళ్లు తలలూపేవారు.

మూడో ఏట ఒక బొమ్మ గీశాడాయన. మూడు గడుల్లోనూ ముగ్గురూ మూసి ఉన్న కిటికీ వైపు చూస్తూ ఉంటారు. మొదటి గడిలో మాట లేదు. రెండో గడిలో లేదు. మూడో గడిలో కుర్చీలోని ముసలాయన "ఊఁ" అంటాడు. అంతే.

"ఇది బాగాలేదండీ" అంది ఆవిడ. "తెలియకపోవడమూ లేదు, దొరికిపోవడమూ లేదు. మొదలే లేదు, చివరేం ఉంటుంది?"

"కావచ్చు. వేసి చూద్దాం" అన్నాడాయన.

వేశారు. ఆ వారం ఎనభైరెండు ఉత్తరాలు వచ్చాయి. ఒక దుకాణంవాడు కత్తిరించి తలుపుకి అంటించుకున్నాడు. ఆఫీసులో రెండ్రోజులపాటు ఏది అడిగినా అందరూ "ఊఁ" అనడమే. భర్తని అడిగింది, ఆయన నవ్వుతూ వగరుస్తూ చెప్పలేకపోయాడు. కంప్యూటర్ దగ్గరివాళ్లు ఒక కారణం చెప్పారు, ఎడిటర్ ఇంకోటి చెప్పాడు, ఏ రెండూ కలవలేదు. ఆవిడ ఆ బొమ్మని ముందు నుంచి చదివింది, వెనక నుంచి చదివింది, అరచెయ్యి అడ్డం పెట్టి చదివింది. ఏమీ దొరకలేదు.

చివరికి ఉండబట్టలేక చిత్రకారుడికి ఫోను చేసింది. "అందరూ నవ్వుతున్నారు. నాకొక్కదానికే తెలియట్లేదు. నిజం చెప్పండి, అందులో ఏముంది?"

అవతల, ఆయన వెనకాల అక్కయ్య ఎవరితోనో గట్టిగా పోట్లాడుతున్న చప్పుడు వినిపించింది.

"ఏముందో తెలిస్తే రోజూ అదే గీసేవాణ్ణి కదమ్మా" అన్నాడాయన.